రాణి నడుము చుట్టిన సర్పి

సూర్యుడు నడినెత్తికి రాకముందే రాణి కువలయవతి నడుము మీద సర్పి ఇంకో అర వేలు ముందుకు పాకింది.

సర్పి అంటే ఒట్టి పొక్కులనుకునేరు. పొక్కులే, కాదనను. కందిగింజలంతేసి ఎర్రటి పొక్కులు, నిప్పురవ్వలు చల్లినట్టు మంట. కానీ ఆ పొక్కులు పొలుసుల్లా వరస కట్టి ఉంటాయి. ఆ వరసకు ఒక చివర పడగ, పడగకు రెండు కళ్లు. చర్మం కింద కాపురముండే పాము అది. బొడ్డు పక్కన పుట్టి, వీపు మీదుగా తిరిగి, తన తోకను తానే వెదుక్కుంటూ వస్తుంది. పడగ తోకను ముట్టిందా, మనిషి ప్రాణం పోయిందన్నమాటే.

లోహద్వీపపు మాంత్రికుడు కంకాళకేతుడు పంపిన సర్పి ఇది. హాటకపురాన్ని నాకిమ్మని వాడడిగాడు, రాణి ఇవ్వనంది. ఆమె జలకాలాడే నీళ్లలో మంత్రించిన కుబుసం కలిపించి, "తొమ్మిదోనాటి పొద్దుగూకేవేళ సేనతో వస్తాను. నీ పాడె పోవడానికి దారి మాత్రం విడుస్తాను" అని కబురంపాడు దుర్మార్గుడు. ఇవాళే ఆ తొమ్మిదోనాడు. పడగకూ తోకకూ నడుమ వేలున్నర చోటు మిగిలింది.

ఇక్కడ ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. హాటకపురమంటే ఏడు కోటగోడలు, గోడగోడకూ పసిడి రేకు. వీధుల్లో పరిచినవి పాలరాళ్లు. గుర్రాల గిట్టలకు వెండి నాడాలు, గుమ్మాలకు ముత్యాల జాలర్లు, పొద్దున్నే ఎండ పడితే ఊరు ఊరంతా కరిగి పారుతున్నట్టు మెరుస్తుంది. ఆ ఊళ్లో బిచ్చగాడు కూడా ఇత్తడి గిన్నెలోనే అడుక్కుంటాడు. ఏడు తరాల కిందట ఒక రాజు, బంగారం ఉన్నచోట మన్నేమిటని, కోటలోకి మంటిపాత్ర రాకూడదని శాసనం వేశాడు. కుమ్మరులంతా మకరవాహిని ఏరు దాటిపోయి మంటిపాలెంలో స్థిరపడ్డారు. కుండలు పోతే పోయాయి గానీ, కుండలతోపాటు సర్పికి మందు కూడా ఏరు దాటిపోయిందన్న సంగతి ఆ మహారాజుకు తట్టలేదు.

మంటిపాలెంలో నాంచారి సారె మీద కాగు ఎత్తుతూ ఉంది. పాతికేళ్ల మనిషి. సారె తిప్పీ తిప్పీ ఆమె దండచేతులు వజ్రాల్లా ఉంటాయి. ఉన్నట్టుండి ఒక రామచిలుక వచ్చి ఆమె నెత్తిన వాలింది. రాణిని పెంచిన దాది మల్లవ్వ పంపిన చిలుక అది. మల్లవ్వ నాంచారికి మేనత్త. చిలుక ఆమె మాటనే కాదు, దగ్గును కూడా అప్పజెప్పింది.

"ఖళ్, ఖళ్. నా బిడ్డ నడుముకు సర్పి పట్టిందే. ఈ వైద్దులు పన్నీటితో జలకాలాడించి, ఆడించి, దాన్ని పెంచి పోషిస్తా ఉండారు. ఖళ్. పుట్టమన్ను తీసుకోని బిరీన రా. మంటిపాలెం ఆడదానివైతే రా, కాకుంటే ఆడనే కూచో. ఖళ్."

"ముసల్దానికి దగ్గు ముదిరింది గానీ నోరు మాత్రం తగ్గలా" అంటూ నాంచారి లేచింది. ఊరి చివర పాముపుట్టకు దణ్ణం పెట్టి రెండు గంపల మన్ను తవ్వింది. ఏటి ఒండ్రు కలిపి ముద్ద చేసింది. కుండను కొట్టే కొయ్య ఉంటుంది, దాన్ని సలప అంటారు, దాన్ని మొలలో దోపింది. లోపల ఆన్చే గుండురాయిని కొంగున కట్టింది. మన్ను ముద్దను ఒక పెద్ద కాగులో పెట్టి నీళ్ల మీద తేలవిడిచి, ఇంకో ఖాళీ కాగును పొట్టకింద బోర్లించి పట్టుకుని ఏట్లోకి దూకింది.

నడి ఏటికి వచ్చిందో లేదో, నీళ్లు రెండుగా చీలాయి. తాటిదూలమంత మొసలి! నోరు తెరిస్తే లోపల గుహలా ఉంది. నాంచారి పొట్టకింది కాగును లాగి ఆ నోట్లోకి అడ్డంగా తోసింది. మొసలి కొరకబోయింది, దవడలు దగ్గరికి రావు. మింగబోయింది, గొంతు దిగదు. "బాగా కాల్చిన కుండలే, నిదానంగా నములుకో!" అని, దాని వీపు మీద కాలు మోపి ఒక్క గెంతులో మన్ను కాగును అందుకుని, ఈదుకుంటూ అవతలి గట్టెక్కింది.

ఎక్కితే ఏం లాభం? కోటవాకిట భటులు వచ్చినవాళ్లందరి కాళ్లూ కడిగి మరీ లోపలికి పంపుతున్నారు. గోటిలో మన్నున్నా వెనక్కి తరుముతున్నారు. నాంచారి పొదచాటుకు పోయి ఆలోచించింది. కాగును పక్కన పెట్టింది. ఆ మన్ను ముద్దనంతా తీసి తన నడుముకే మూడు పొరలుగా చుట్టుకుంది, మిగిలింది చేతులకూ మొహానికీ మెత్తింది. జుట్టు విరబోసి, సలపను దండంలా పట్టి, ఎర్రటి కళ్లతో వాకిటి ముందుకు వచ్చి నిలబడింది.

"అలఖ్!" అని యోగినిలా కేక పెట్టింది.

భటులు చప్పున చేతులు జోడించారు. వాళ్లలో ఒకడు కాస్త తెలివైనవాడు. "మాతా, తమ నడుము ఇంత లావేమిటి?" అన్నాడు.

"పన్నెండేళ్లు కదలకుండా కూచోని తపస్సు చేసి చూడరా నాయనా, నీకూ వస్తాది."

"ఒళ్లంతా విభూతేనా, మాతా?"

"ముట్టుకోని చూడు. నువ్వు భస్మమైతే నీ పెళ్లాం వచ్చి నన్నడగదు గదా?"

వాడు ముట్టుకోలేదు. పైగా భయభక్తులతో ఆమె కాళ్లు కడిగి, ఆ బురదనీళ్లు తన నెత్తిన చల్లుకున్నాడు. ఏడు తరాల తర్వాత హాటకపురంలోకి మన్ను అడుగుపెట్టింది. ముందుగా వాడి నెత్తి మీదే.

అంతఃపురం సంగతేమని చెప్పను! చంద్రకాంత శిలల నేల, పచ్చల స్తంభాలు, కిటికీలకు నెమలీకల తెరలు, దీపపు సెమ్మెలకు కెంపుల జిలుగు. ఆ వైభోగం నడుమ హంసతూలికా తల్పం మీద వెల్లకిలా పడి ఉంది రాణి. ఇరవై రెండేళ్లది. పెదవులు తెల్లబడ్డాయి. చుట్టూ నూటెనిమిది బంగారు బిందెల్లో పన్నీరు. వైద్యులు మొదటి బిందె ఎత్తుతున్నారు.

"దించండి!" అని అరిచి నాంచారి కాలితో ఆ బిందెను తన్నింది. అది ఖంగుమని దొర్లిపోయింది. "నీళ్లు దానికి దారి! ఒంటి మీద తడి తగిలేకొద్దీ పాకుతాది. రోజుకు నూటెనిమిది బిందెలు పోస్తే, పరిగెత్తక నిలబడి ఉంటుందా?"

దళవాయి భల్లణుడు కత్తి దూశాడు. ఆరడుగుల మనిషి, మీసాలు చెవులకు తగులుతాయి. "ఎవతెవు నీవు? యోగినివా, పిశాచివా?"

"నా మేనకోడలయ్యా, కుమ్మరిది" అంది మల్లవ్వ. "కత్తి లోపల పెట్టు. ఎత్తుకోని ఆడించిన చేతులివి, నీ మొగం మీద మీసాలు లేనప్పుడు నీ ముక్కు తుడిచింది నేనే."

"కుమ్మరిదా! అంతఃపురంలోకి మన్నా! శాసనం ఉన్నది, దీని శిరస్సు..."

"భల్లణా." రాణి గొంతు సన్నగా వినిపించింది. "నాకు మిగిలినది వేలెడు చోటు. నీ శాసనం అంతకంటె పొడుగా?" తర్వాత ఆమె నాంచారి వైపు తిరిగింది. "ఏం చేస్తావమ్మా?"

"దాన్ని ఇంటికి పిలస్తానమ్మా. చర్మం దానికి ఇల్లు గాదు, బాడుగ కొంప. దాని సొంతిల్లు పుట్ట. పుట్టమన్ను వాసన తగిలితే ఆగలేదు, బయటికొస్తాది."

"వచ్చిన తర్వాత?"

"కొడతాను."

దళవాయి మీసాలు పైకి లేచాయి. "రాణిగారిని కొట్టడమా!"

"రాణిగారిని గాదు సామీ, మన్నును. లోపల రాయి, బయట సలప, నడుమ మన్ను. మీ రాణమ్మకు దెబ్బ తగిలితే ఆ కత్తికి నా మెడ ఇస్తా. కానీ దెబ్బదెబ్బకూ అడ్డం రాబాక, తాళం తప్పుతాది."

"మాట ఇచ్చింది" అంది రాణి. "నేనూ ఇచ్చాను. కానివ్వు."

మల్లవ్వ రాణిని లేపి నిలబెట్టింది. నాంచారి తన నడుము మీది మన్ను ఒలిచి రాణి నడుము చుట్టూ పట్టీలా పెట్టింది. నాలుగు వేళ్ల మందం, జానెడు వెడల్పు. మల్లవ్వ నెమలీకతో విసురుతూ ఉంది. ఒక గడియ ఏమీ కాలేదు. వైద్యులు ఒకరినొకరు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. రెండో గడియకు మన్ను మీద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. బుడిపెలు వరస కట్టాయి, వరస పొలుసులైంది. పొలుసుల చివర పడగ లేచి, రెండు ఎర్రటి కళ్లు తెరిచి, 'ఆఁ, ఇల్లు చేరాను' అన్నట్టు ఆవులించింది. వైద్యుల నవ్వు ఆగిపోయింది. వాళ్లలో ఒకాయన బిందెల వెనక్కి పోయి కూర్చున్నాడు.

పడగకూ తోకకూ మధ్య ఒక్క వేలు.

నాంచారి ఎడమచేత్తో గుండురాయిని మన్నుకూ నడుముకూ నడుమ దూర్చింది. కుడిచేత్తో సలప ఎత్తింది. ధబ్! ధబ్! ధబ్!

మన్ను స్వభావం మీకు తెలుసు కదా. కొట్టినకొద్దీ పలచనవుతుంది, పలచనయ్యేకొద్దీ వెడల్పవుతుంది. గుప్పెడు ముద్దనుంచి గాదెంత కాగు వచ్చేది అందుకే. పట్టీ నడుమును విడిచి బెత్తెడు దూరం జరిగింది. అది పెరిగిన కొద్దీ పడగకూ తోకకూ నడుమ ఉన్న వేలెడు చోటు జానెడయింది. జానెడు మూరయింది. సర్పికి అప్పటికి తెలిసింది మోసం. బుస్సుమంటూ తోక వైపు పరుగెత్తింది. అది ఒక అంగుళం పాకితే నాంచారి రెండంగుళాలు సాగకొట్టింది. అది చర్మంలోకి మళ్లీ దూరబోయింది. ఎక్కడ దూరబోతే అక్కడ లోపల గుండురాయి సిద్ధం. కుడికి పోతే కుడిన ధబ్, ఎడమకు పోతే ఎడమన ధబ్.

"అటు పక్కనే, అటు పక్క!" మల్లవ్వ అరిచింది.

"కనపడతా ఉందత్తా, నువ్వు ఇసురు!"

"పడగ వెనక్కి తిరుగుతున్నది, కుమ్మరిదానా! వెన్నెముక దగ్గర!" ఈసారి అరిచింది దళవాయి భల్లణుడే. కత్తి ఎప్పుడు కింద పడేశాడో ఆయనకే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని పాము ఎటు పోతే అటు వేలు చూపిస్తున్నాడు.

నూటపదహారో దెబ్బకు ఆ మంటి పట్టీ పెద్ద నగారా అంత అయింది. రాణి నడుము దానికి ఎక్కడా అంటలేదు. నాంచారి, మల్లవ్వ చెరో పక్క పట్టుకుని మెల్లగా కిందికి దించారు. రాణి కువలయవతి ఒక కాలు ఎత్తి అవతల పెట్టింది. రెండో కాలూ పెట్టింది. తన నడుము తడిమి చూసుకుంది. నున్నగా, చల్లగా, పొక్కు మచ్చ కూడా లేదు. తొమ్మిది రోజుల తర్వాత ఆమె గట్టిగా ఊపిరి పీల్చి ఒకటే మాట అంది:

"ఆకలేస్తున్నది."

అంతఃపురం అంతఃపురమే గొల్లుమంది. ఏడుపో నవ్వో తెలియని గోల. మల్లవ్వ దగ్గుతూనే పాయసానికి పరుగెత్తింది.

నాంచారి మాత్రం చెయ్యి ఆపలేదు. పాము ఇంకా బతికే ఉంది కదా! పట్టీ అడుగును కొట్టి కొట్టి మూసింది, పైన మెడ తీసి మూతి దగ్గరకు కలిపింది. పట్టీ కాస్తా కుండయింది. సర్పి ఆ కుండ గోడలో చుట్టలు చుట్టుకుని పడగ మాత్రం బయటపెట్టింది.

"అమ్మా కుమ్మరీ, విడిచిపెట్టవే" అని బతిమాలింది. "నేను చెడ్డదాన్ని కాదు. ఏదో ఒక నడుము చుట్టకపోతే బతకలేను, అది నా పుట్టుక. ఎవరి నడుమని నాకు పట్టింపు లేదు."

"ఆవంలో కాలినాక అన్ని పట్టింపులూ పోతాయిలే."

కాల్చడానికి ఊరంతా వెదికినా పిడకలు లేవు, ఊక లేదు. చివరికి రాణి భాండాగారం తెరిపించి, మంచిగంధపు చెక్కలూ అగరు దుంగలూ కోటబురుజు మీద పేర్పించింది. అంత ఖరీదైన ఆవం ఏ కుమ్మరీ కలలో కూడా చూసి ఉండదు. నాంచారి కుండ చంకనపెట్టుకుని బురుజెక్కింది. నిప్పు అంటించబోతుండగా పడమటి ఆకాశం నల్లబడింది.

పొద్దు వాలింది. కంకాళకేతుడు వచ్చాడు.

వాడు ఎక్కివచ్చింది గండభేరుండ పక్షిని. రెక్క విప్పితే ఊరి మీద నీడ. దానికి రెండు తలలు. కుడితల మేలుకుని ఉంది, ఎడమతల నిద్రపోతూ వేలాడుతోంది. కింద పొలాల్లో ఇనుపమనుషులు బారులు తీరారు. వాడి మంత్రం నడిపిస్తే నడుస్తారు, నిలిపితే నిలుస్తారు. మాంత్రికుడు మెడలో పుర్రెలు గలగలలాడించి అరిచాడు:

"ద్వారాలు తెరవండి! మీ రాణి పాడెకు దారి విడుస్తానని మాట ఇచ్చాను, ఏదీ పాడె?"

"పాడె లేదు. నేను నడిచి వచ్చాను, సరిపోతుందా?"

బురుజు అంచున నిలబడి ఉంది రాణి కువలయవతి. చేతిలో పాయసం గిన్నె. పసుపుపట్టు చీర మీద అక్కడక్కడా మన్ను మరకలు, ఆమె వాటిని దులుపుకోలేదు. కోటలోని జనం ఆమెను చూశారు. ఏడు గోడల మీదినుంచీ ఒక్కసారి లేచిన కేకకు మకరవాహిని నీళ్లు ఎదురు పారాయంటే నమ్మండి. భల్లణుడు కోటతలుపులు తెరిపించి ఆశ్వికదళంతో దూసుకుపోయాడు.

కంకాళకేతుడి మొహం పాలిపోయింది. వాడి కళ్లు నాంచారి చంకలోని కుండ మీద పడ్డాయి. పచ్చికుండ గోడలో తన సర్పి! అది లేకపోతే వాడి మంత్రాలకు బలం లేదు. పక్షిని ఒక్కసారిగా కిందికి దూకించి, వంగి, కుండను రెండు చేతులతో లాక్కున్నాడు.

లాక్కున్నాడు గానీ, నాంచారి వదిలితే కదా! కుమ్మరి చేతిలోని పచ్చికుండను ఇంతవరకు ఎవరూ గుంజుకున్నది లేదు. పక్షి పైకి లేచింది, కుండ లేచింది, కుండ మెడ పట్టుకున్న నాంచారీ లేచింది. బురుజు చిన్నదయింది, ఊరు చేటంత అయింది.

"వదులు, నీచురాలా!"

"నువ్వు వదులు! ఇంకా కాల్చలేదు, గట్టిగా పట్టబాక!"

ఆమె మంచికే చెప్పింది. వాడు వినలేదు. కుండను కడుపుకు అదిమిపట్టి బలమంతా పెట్టి గుంజాడు. పచ్చికుండ పుటుక్కున చితికి వాడి నడుముకు మెత్తుకుపోయింది. సర్పి ఒక్క క్షణం తల ఎత్తి చూసింది. ఎదురుగా నడుము! ఇక ఆగుతుందా? సంతోషంగా బుసకొట్టి, చర్మంలోకి దూరి, బొడ్డు పక్కనుంచి చుట్టడం మొదలుపెట్టింది.

"అయ్యో! మంట! మంట!" మాంత్రికుడు కెవ్వుమన్నాడు. వాడి మొలలో దోపిన మంత్రదండం జారి ఏట్లో పడింది. కింద ఇనుపమనుషులు ఎక్కడివాళ్లక్కడ బోర్లాపడ్డారు. భల్లణుడి గుర్రాలు వాళ్ల మీదుగా తొక్కుకుంటూ పోయాయి, హాటకపురం నగారాలు మోగాయి.

నాంచారి ఈలోగా వాడి జడలు పట్టుకుని పైకి పాకి, పక్షి వీపు మీద వాడి వెనకాలే కూర్చుంది.

"అమ్మా, తల్లీ" అన్నాడు కంకాళకేతుడు. వాడి గొంతు ఇప్పుడు పిల్లి గొంతులా ఉంది. "నీళ్లు... నా ద్వీపానికి పోయి నీళ్లలో పడుకుంటాను..."

"పడుకో. రాత్రికల్లా పనైపోతాది."

"అయితే ఏం చెయ్యను? నీవే కొట్టు! సలప ఉన్నదిగా, కొట్టు!"

"కొట్టడానికి మన్నేది? మా ఊరి పుట్టమన్నంతా ఆ కుండకే అయిపోయె, దాన్ని నువ్వు పగలగొడితివి. మీ దీవిలో పుట్టలున్నాయా?"

"ఇనుపకొండ తల్లీ, గుప్పెడు మన్ను లేదు."

"ఊళ్లన్నీ దోచినోడివి, పిడికెడు మన్ను దాచుకోలేకపోయినావా?" నాంచారి వాడి చేతిలోని పగ్గాలు లాగి తన గుప్పిట్లో చుట్టుకుంది. వాడు ఇచ్చేశాడు. కుడితల వెనక్కి తిరిగి ముక్కు తెరిచింది, కొరికేలా ఉంది. ఆ కుదుపుకు ఎడమతల మేలుకుంది. ఇన్నాళ్లూ నిద్రలో ఉన్న పెద్ద పసుపు కన్ను తెరిచి నాంచారిని ఎగాదిగా చూసింది.

"ఎవరు నువ్వు?" అంది మేఘం ఉరిమినట్టు.

"నీ కొత్త యజమానిని. మేత తిన్నావా?"

ఎడమతల ఆలోచించింది. ఎన్నేళ్లుగానో ఆ మాట అడిగినవాళ్లు లేరు కాబోలు. "మూడు నెలలైంది. వీడు ఆ తలకే పెడతాడు."

"అట్టాగా! అయితే ఆ తల చెప్పిన మాట వినబాక, నా మాట విను. వీడి నడుముకు మన్ను గావాల, పుట్టలుండే అడివి ఏ దిక్కునుందో తెలుసా?"

"తెలుసు. ఉత్తరాన. కానీ దానికి ముందు అగ్నిపర్వతాలు ఏడున్నాయి."

కుడితల దక్షిణానికి లాగింది. మాంత్రికుడు నడుము పట్టుకుని కుయ్యోమన్నాడు. నాంచారి మోకాళ్లు బిగించి, సలపతో పక్షి ఎడమ రెక్కను తట్టింది.

"మొసలిని దాటొచ్చినా. పద ఉత్తరానికి, దారిలో నీకు మేత పెడతా!"

గండభేరుండం పుట్టాక మొదటిసారి ఎడమతల మాట విని, ఎర్రగా మండుతున్న మొదటి శిఖరం వైపు రివ్వున తిరిగింది.